వేలి వెంట రాని అక్షరాలు

కీబోర్డు మీద వేలు నొక్కి ఎత్తేలోపు అక్షరం తెర మీద ఉండాలి. ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలకు ఇది చెప్పాల్సిన సంగతే కాదు. గుంటూరులో మా ఆఫీసులో మాత్రం కొంతకాలం అలా ఉండేది కాదు. 'మిరప' అని కొట్టి, కిటికీలోంచి బయటికి చూసి, రోడ్డు మీద పోయే లారీ మలుపు తిరిగేదాకా ఉండి, మళ్లీ తెర వైపు తిరిగితే అప్పుడు 'ప' వస్తూ ఉండేది.

ముప్పై ఏళ్లు కంప్యూటర్లు బాగుచేసే పనిలో బతికాను. బాగైన మిషన్లలో ఒక్కటీ గుర్తులేదు. ఈ ఒక్కటి మాత్రం, దాని ముందు కూర్చున్న మనిషితో సహా, ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో కనబడుతుంది. ఏ సంవత్సరమో గట్టిగా చెప్పలేను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో.

మాది రైతులకు కబుర్లు అందించే సంస్థ. హెడ్డాఫీసు హైదరాబాదులో. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కొన్ని ఊళ్లు ఎంచుకుని, ఊరికొక గది, ఒక కంప్యూటరు, ఒక ఫోను లైను, వాటిని చూసుకునే ఒక మనిషి ఏర్పాటు చేశారు. పత్తికి ఏ పురుగు పడింది, మిరపకు ఏ మందు కొట్టాలి, మబ్బు ఎటు నుంచి వస్తోంది అని మేం గుంటూరులో కూర్చుని వెబ్ పేజీలో రాస్తే, ఊళ్లో మనిషి ఆ పేజీ తెరిచి, అచ్చు తీసి, గది బయట బోర్డుకు అంటించేవాడు. మైకులో చదివి వినిపించేవాళ్లూ ఉండేవాళ్లు.

రాయడమంతా బ్రౌజర్‌లోనే. తెర మీద ఒక పెద్ద పెట్టె, దాని నెత్తిన అక్షరాన్ని లావు చేసే, రంగు మార్చే బొత్తాలు. పెట్టెలో తెలుగు కొట్టి, కింద 'ప్రచురించు' అని నొక్కితే ఊళ్లకు వెళ్లిపోయేది. దాన్ని ఎడిటర్ అనేవాళ్లం. మొదట్లో దాన్ని చూసి ఎంత మురిసిపోయామో! ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కర్లేదు, ఏ మిషనులో తెరిచినా పని చేస్తుంది అని నేను అందరికీ గొప్పగా చెప్పేవాణ్ని.

ఆఫీసులో ముగ్గురం. వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన ఒక పెద్దాయన సలహాలు రాసేవారు. మిషన్లూ లైన్లూ నావి. ఆ సలహాలను పేజీలో పెట్టే పని టైపిస్టు ఒకావిడది.

ఆవిడ పెదకాకాని నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. దూదేకులవారి ఇల్లు. వాళ్ల నాన్నగారు దూది ఏకి పరుపులు కుట్టి ఆవిణ్ని చదివించారు. తెలుగు టైపు మిషను మీద నేర్చుకున్న చేతులు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చాలా ఏళ్లు పిల్లలకు నేర్పి, ఆ ఇన్‌స్టిట్యూట్లు మూతపడ్డాక మా దగ్గరికి వచ్చారు. కళ్లు కాగితం మీదే ఉండేవి, తెర వైపు చూసేవారు కాదు. పేజీ అయిపోయాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. అప్పటికి ఇంకా అక్షరాలు వస్తూనే ఉండేవి. ఎవరూ ముట్టుకోని కీబోర్డు ముందు, తెల్లటి పెట్టెలో, ఒక్కొక్కటే నడిచి వచ్చినట్టు వచ్చేవి. ఆవిడ కిటికీ వైపు చూసేవారు.

ఆ కిటికీ కింద నుంచే మిరప యార్డుకు వెళ్లే లారీలు. ఫిబ్రవరి వస్తే చాలు, ఎండలో సన్నటి ఎర్ర దుమ్ము కిటికీ చువ్వల మధ్య తేలుతూ ఉండేది. పెద్దాయన తుమ్మేవారు, తర్వాత నేను, తర్వాత ఆవిడ. మూడో తుమ్ము అయ్యేసరికి చివరి వాక్యం తెర మీదికి చేరేది. తలుచుకుంటే ఆ రోజులన్నీ ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి. మేం ముగ్గురం అక్షరాల కోసం కనిపెట్టుకుని కూర్చున్నాం, ఎవరికీ తొందర లేదు.

తొందర లేదనేది నా మాట. ఎడిటర్ నెమ్మదించడం మొదలైన నెలలోనే ఆవిడ చెప్పారు.

"సార్, ఇది రోజురోజుకీ నెమ్మదవుతోంది. పోయిన నెల ఇలా లేదు."

"లైను బాగాలేదు మేడమ్. ఫోను వాళ్లకు చెప్తాను."

చెప్పాను. వాళ్లు వచ్చి తీగ మార్చారు. తేడా లేదు. మిషనులో మెమరీ పెంచాను. తేడా లేదు. బ్రౌజర్‌లో ఎవరెవరో ఎక్కించిన అదనపు బొత్తాల పట్టీలు పీకేశాను. వైరస్ ఏమోనని రెండు రోజులు మిషను మూసి వెతికాను. చివరికి విండోసు మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించాను. ఆ రోజు ఎడిటర్ చురుగ్గా ఉన్నట్టు మాకు అనిపించింది. మాకు కాదు, నాకు.

ఒకరోజు పొద్దున లైను పూర్తిగా పోయింది. తెరిచి ఉన్న పేజీలో ఆవిడ టైపు చేస్తూనే ఉన్నారు, లైను వచ్చాక పంపొచ్చని. కాసేపయ్యాక నన్ను పిలిచారు.

"సార్, ఇప్పుడు లైనే లేదు కదా. అయినా అక్షరం ఇంత ఆలస్యంగానే వస్తోంది. ఇది ఎక్కడికి వెళ్లి వస్తున్నట్టు?"

అంతకంటే మంచి ప్రశ్న నా ఉద్యోగంలో నన్ను ఎవరూ అడగలేదు. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే సాయంత్రానికి సంగతి తేలిపోయేది. నేను నవ్వాను. "లోపల చాలా ఉంటాయి మేడమ్, చెప్పినా అర్థం కావు" అన్నాను.

ఇంకో వారానికి మళ్లీ చెప్పారు. "ఖాళీ పేజీ తెరిచి కొడితే నా వేలి వెంటే వస్తున్నాయి సార్. మన పాత పేజీలోనే ఈ ఇబ్బంది."

"ఖాళీగా ఉంటే ఏదైనా బాగానే ఉంటుంది లెండి" అన్నాను. ఆ మాటలోనే సగం సమాధానం ఉందని నాకు తట్టలేదు.

హెడ్డాఫీసు వాళ్లు ఎడిటర్ ఎందుకు నెమ్మదించిందో రాసి పంపమన్నారు. ఏం రాయాలో తెలియలేదు. తెలియలేదని రాయడానికి మనసొప్పలేదు. ఊళ్లలో అంతమందికి నేనే పెద్ద నిపుణుణ్ని. చివరికి, 'టైపిస్టు పాత టైపు మిషను అలవాటుతో మరీ వేగంగా కొట్టడం వల్ల ఎడిటర్ అందుకోలేకపోతోంది, ఆమెకు కొత్త పద్ధతి ఒంటపట్టడం కష్టం' అని రాశాను. ఆఫీసు ఉత్తరాలన్నీ ఆవిడే టైపు చేసేవారు. దీన్ని మాత్రం నేనే, రెండు వేళ్లతో, గంటసేపు కూర్చుని కొట్టుకున్నాను. ఆ సాయంత్రం ఆవిడతో, "కాస్త నెమ్మదిగా కొట్టి చూడండి మేడమ్" అన్నాను. మర్నాటి నుంచి ఒక్కో అక్షరం కొట్టి, అది కనబడ్డాక ఇంకోటి కొట్టడం మొదలుపెట్టారు. వేగంగా నడిచే మనిషిని చిన్నపిల్ల వెనకాల నడవమన్నట్టు ఉండేది చూడటానికి.

హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. వచ్చే నెల నుంచి టైపు పని అక్కడే చేయిస్తారట, గుంటూరులో టైపిస్టు అవసరం లేదట. ఆవిడకు తెలియజేయమని నాకే రాశారు. మడిచి సొరుగులో పెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను. రెండు వారాలు అలా రేపు అనుకుంటూ గడిపాను.

మార్చి నెల. రెండు జిల్లాల్లోనూ మిరపకాయ కల్లాల్లో ఉంది. కోసిన కాయను నేల మీద పరిచి, రోజుల తరబడి ఎండబెడతారు. బస్సులో వెళ్తుంటే రోడ్డుకు రెండు వైపులా, కనుచూపు మేర, ఎర్రగా పరిచిన పొలాలు. ఆ సమయంలో ఒక్క గట్టి వాన పడితే ఏడాది కష్టం రంగు పోయి తాలుకాయ అయిపోతుంది.

ఆ రోజు భోజనాలు చేసి వచ్చేసరికి పెద్దాయన నిలబడే ఉన్నారు. ఆకాశం తేటగానే ఉంది. వాతావరణం వాళ్ల నుంచి కబురు తెచ్చారు. సాయంత్రానికి ప్రకాశం వైపు నుంచి ఉరుములతో వాన. కాయలు పోగుచేసి టార్పాలిన్లు కప్పుకోవాలి, కొత్తపట్నం వైపు పడవలు సముద్రం లోపలికి వెళ్లకూడదు.

"ముందు ఇది పెట్టండమ్మా" అని కాగితం ఆవిడ చేతికిచ్చారు.

ఆవిడ పేజీ తెరిచారు. తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. మొదటి మాట కొట్టారు. రాలేదు. తెర తెల్లబోయింది. పైన 'స్పందించడం లేదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట.

"సార్, ఖాళీ పేజీలో కొడతాను. రెండు నిమిషాలు."

"వద్దు మేడమ్. ఊళ్లలో వాళ్లు ఆ ఒక్క పేజీనే తెరుస్తారు. కొత్త పేజీ అయితే వాళ్లకు దొరకదు. అందులోనే పెట్టాలి."

ఆ నియమం నాదే. మొదటి రోజు నుంచీ అంతే. పాతవి తీసేయకూడదు, కొత్తది పైన చేర్చాలి, అన్నీ ఒకే పేజీలో ఉండాలి. ఊళ్లలో ముందుగా తెరుచుకునే మా సైటు మొదటి పేజీలో కొత్త పేజీకి లంకె పెట్టడం నాకు ఎంతో సేపటి పని కాదు. కానీ నా బుర్ర అంతా ఆ మొరాయించిన పేజీని గెలవడం మీదే ఉంది. మిషను ఆపి మళ్లీ వేశాను. పేజీ మళ్లీ తెరిచాం. నాలుగు అక్షరాలు వచ్చి ఆగిపోయింది. నా మిషను మీద తెరిచాను. అదీ అంతే. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని, నా చేతుల వైపు చూస్తూ కూర్చున్నారు. కిటికీలో వెలుగు కొంచెం పసుపుగా మారింది. గాలి ఆగిపోయింది. నాకు మాత్రం కలలో పరిగెత్తుతున్నట్టుగా ఉంది, కాలు ముందుకు పడదు.

ఆఫీసుకున్నది ఒకటే లైను, అది ఇంటర్నెట్టులో ఉంది. పెద్దాయన కింద ఎస్టీడీ బూత్‌కు వెళ్లి ఊళ్లకు ఒక్కొక్కటిగా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. సగం ఊళ్లు దొరికాయి. మళ్లీ మెట్లెక్కి వచ్చి, నేను ఇంకా ఆ పేజీతోనే కుస్తీ పడుతుండటం చూశారు.

"ఏమయ్యా! ఇందాకటి నుంచీ ఆమె ఏదో చెప్తోంది కదా. వినవేం?"

ఆయన నా మీద ఎప్పుడూ అలా అరవలేదు. నేను లేచాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని ఖాళీ పేజీ తెరిచారు. చూస్తుండగానే, కాగితంలో ఉన్నదంతా తెర మీద ఉంది. వేలు ఎంత వేగంగా కదిలితే అక్షరం అంత వేగంగా వచ్చింది. నేను మొదటి పేజీలో ఎర్రటి లంకె పెట్టాను. ప్రచురించు నొక్కాం. గడియారం చూస్తే గంటన్నర పోయింది.

కొద్దిసేపటికి గుంటూరులోనూ మబ్బు కమ్మింది.

మర్నాడు పర్చూరు దారిలో ఒక ఊరికి వెళ్లాను. పెద్దాయనకు ఫోనులో దొరకని ఊళ్లలో అది ఒకటి. బస్సు దిగి నడుస్తుంటే ఎర్రటి నీళ్లు బోదెల్లో పారుతున్నాయి. నల్లరేగడి నేల మీద ఆ ఎరుపు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనబడుతుంది. గాలిలో తడిసిన మిరప వాసన. కల్లాల్లో మనుషులు వంగి కాయలు తిరగేస్తున్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. ఎండ వచ్చింది, నేల నుంచి పల్చటి ఆవిరి లేస్తోంది. అందులో వాళ్లు దగ్గరగా ఉన్నారో దూరంగా ఉన్నారో తెలియలేదు.

గది చూసుకునే మనిషి నన్ను చూసి ఎదురొచ్చాడు.

"ఫోను ఎత్తలేదేమయ్యా నిన్న?" అన్నాను.

"లైను ఖాళీ లేదండీ. మబ్బు చూసి, మీరేమన్నా పెట్టారేమోనని మీ పేజీయే తెరుస్తా కూర్చున్నా. అది తెరుచుకోదు. అచ్చు తీసి బోర్డుకు పెట్టేసరికి చినుకులు మొదలైనయ్."

పక్క కల్లంలో ఒక పెద్దావిడ తాలుకాయలు ఏరుతోంది. నేను ఎవరో ఆ మనిషి చెప్పాడు.

"మీ కాగితం వచ్చింది నాయనా" అంది ఆమె. "వానొచ్చాక వచ్చింది. మీరు మాత్రం ఏం చేస్తార్లే, వాన మీరు చెప్పినట్టు వింటదా?"

నాకు కోపం వచ్చేలా తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పక్కన కూర్చుని కాసేపు కాయలు ఏరాను. చేతులు మండాయి.

ఆ తర్వాత రోజు, మొదటిసారిగా, ఆ పేజీ తెర వెనక ఏముందో తెరిచి చూశాను. చూడటానికి ఒక వరస తెలుగు. దాని వెనక పది వరసల గుర్తులు. పెద్దాయన కాగితం మీద రాసిచ్చినవి పోగా, పొడుగాటి సలహాలు ఇంట్లో వర్డ్‌లో రాసి ఫ్లాపీలో తెచ్చేవారు, ఆవిడ వాటిని ఎడిటర్‌లో అతికించేవారు. అలా అతికించమన్నదీ నేనే. అతికించిన ప్రతిసారీ కంటికి కనబడని అక్షరాల సైజులూ, రంగులూ, అంచులూ కూడా వచ్చి కూర్చున్నాయి. మొదటి రోజు నుంచి రాసినదంతా అదే పేజీలో ఉంది. మా ఎడిటర్‌కు ఒక అలవాటు: ఒక్క అక్షరం కొట్టినా, మొత్తం పేజీని మొదటి నుంచి చివరిదాకా చూసుకుని గానీ ఆ అక్షరాన్ని చూపించదు. అక్షరం ఎక్కడికి వెళ్లి వస్తోందన్న ప్రశ్నకు జవాబు అదే. మేం పోగేసిన చెత్తంతా తిరిగి వస్తోంది.

ఆవిడకు చూపించాను. చాలాసేపు చూశారు.

"పాత పరుపు విప్పితే ఇలాగే ఉంటుంది సార్" అన్నారు. "పైకి అదే పరుపు. ఎత్తబోతే ఇద్దరు కావాలి. దూది అంతే ఉంటుంది, మిగతాదంతా దుమ్ము. మా నాన్న ఏకి దులిపితే గది నిండా పొగలా లేచేది."

ఇద్దరం కూర్చుని దులిపాం. ఒక్కో సలహానూ ఏ హంగూ లేని నోట్‌ప్యాడ్‌లో వేసి, ఉత్త అక్షరాలుగా చేసి, రోజుకొక పేజీలో విడిగా పెట్టాం. కొన్ని రోజులు పట్టింది. తలలు వంచుకుని పని చేస్తూ, పెద్దగా మాట్లాడుకోకుండా, పాత వానలూ పాత పురుగులూ చదువుకుంటూ వెనక్కి వెళ్లాం. పోయినేడు పత్తికి వచ్చిన తెల్లదోమ, అంతకు ముందటేడు మిరపకు వచ్చిన ముడత. ఆ పని ఎప్పటికీ అయిపోకూడదని లోపల్లోపల అనిపించింది. అయిపోతే సొరుగు తెరవాలి.

ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లకు ఒకటి చెప్తాను, వింటే వినండి. మిషను మొరాయిస్తే మొదట మిషనును చూడకండి. దాని ముందు రోజంతా కూర్చునే మనిషిని అడగండి. అడిగాక, చెప్పేది అయ్యేదాకా నోరు మూసుకోండి. నాకు ఈ రెండోది చేతకాలేదు.

ఆవిడ ఉద్యోగం పోలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తాను. ఆ సంస్థ నడిచినంత కాలం ఆవిడ అక్కడే చేశారు, నాకంటే ఎక్కువ కాలం. కానీ నాకు గుర్తుండిపోయింది హైదరాబాదు నుంచి వచ్చిన ఆ రెండో జవాబు కాదు.

దులపడం అయిన రోజు సొరుగులోంచి హైదరాబాదు ఉత్తరం తీసి ఆవిడ బల్ల మీద పెట్టాను. మడత విప్పకుండానే, "తెలుసు సార్" అన్నారు.

"ఎలా తెలుసు?"

"ఉత్తరాలన్నీ నాతోనే కొట్టిస్తారు కదా. ఒక్కటి మాత్రం గంటసేపు మీరే కొట్టుకున్నారు. అది నా గురించే అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"ఏం అడగను? మీరు చెప్తారేమోనని చూశాను."

హెడ్డాఫీసుకు ఇవాళే మళ్లీ రాస్తానని, కాగితం తీసుకుని నా మిషను వైపు వెళ్లబోయాను.

"మీరు చెప్పండి, నేను కొడతాను" అన్నారు ఆవిడ.

కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఎవరికి, ఎవరి నుంచి, విషయం ఏమిటి అన్నీ అయ్యాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఎడిటర్ నెమ్మదించడానికి కారణం టైపిస్టు అని నేను ఇంతకు ముందు రాసిన ఉత్తరంలో పొరపాటు దొర్లింది..."

ఆవిడ చేతులు ఆగాయి.

"దొర్లింది అని కొట్టమంటారా సార్? అలా అంటే అదంతట అదే వచ్చినట్టు ఉంటుంది."

ఫ్యాను తిరుగుతోంది. పెద్దాయన అవతలి బల్ల దగ్గర పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు.

"పొరపాటు చేశాను అని కొట్టండి" అన్నాను.

ఆవిడ కొట్టారు. తల తిప్పకుండానే, మామూలుగా రోజూ అడిగే గొంతుతోనే, "తర్వాత?" అన్నారు.